తూకం ఎవరి చేతిలో?

గురివింద గింజతో మొదలైన తూకం ఇవాళ క్వాంటం భౌతికశాస్త్రం దాకా వచ్చింది. కిలో ఇక అరగదు, తరగదు. అయినా యార్డులో రైతూ బజారులో ఇల్లాలూ కాంటా వైపు అనుమానంగానే చూస్తున్నారు. ఆ అనుమానం ఎక్కడ పుడుతోంది? అది తీరాలంటే ఏం జరగాలి?

1956 నవంబరు 1న తెలుగువాళ్లు ఒకే రాష్ట్రంలోకి వచ్చారు. భాష ఒకటే గానీ శేరు ఒకటి కాదు. హైదరాబాదు బజారులో శేరు పంచదార అడిగితే 80 తులాలు తూచేవారు. ఇప్పటి లెక్కలో అది 933 గ్రాములు. బెజవాడలో అదే శేరు అడిగితే వచ్చేది 24 తులాలు, అంటే 280 గ్రాములు. ఒకే పేరున్న రెండు తూకాల మధ్య మూడింతలకు మించిన తేడా.

కోస్తా లెక్కలో మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక శేరు, ఐదు శేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. ఆ మణుగు 11 కిలోల పైచిలుకు. ఉత్తరాది మణుగైతే 37 కిలోలు దాటేది. ఇక ధాన్యాన్ని తూచడం తక్కువ, కొలవడం ఎక్కువ. సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి. ఊరు దాటితే కుంచం లోతు మారేది. వడ్లు అప్పిచ్చేటప్పుడు ఒక కుంచం, తిరిగి కొలిపించుకునేటప్పుడు ఇంకో కుంచం వాడిన ఆసాముల కథలు పాతతరం నోట ఇప్పటికీ వినిపిస్తాయి.

అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసింది. దేశమంతటా ఇక ఒకటే కిలో. శేరు తగాదా అలా తీరిపోయింది. తూకం తగాదా మాత్రం తీరలేదు. రాయి బరువు మీద నడిచిన పేచీ, రాయి తేల్చిన అంకెకు ఆ తర్వాత ఏమవుతుందన్న దాని మీదికి మళ్లింది. కొనేవాడికి వచ్చే కొసరు, అమ్మే రైతుకు పడే తరుగు రెండూ అక్కడివే.

గింజ, రాయి, ముద్ర

తూకానికి మనిషి మొదట నమ్ముకున్నది గింజను. కంసాలి పెట్టెలో గురివింద గింజలు ఉండేవి. ఒక్కోటి సుమారు 0.12 గ్రాములు. అన్నీ ఒకే బరువుంటాయని నమ్మకం. నిజానికి గింజకూ గింజకూ తేడా ఉంటుంది, కానీ గుప్పెడు గింజలు కలిపి తూస్తే ఆ తేడాలు చాలావరకు సర్దుకుపోతాయి. మధ్యధరా తీరంలో కరోబు చెట్టు గింజ ఇదే పని చేసింది. వజ్రాల కొలతకు వాడే క్యారెట్ ఆ గింజ పేరే. 1907లో దాన్ని 0.2 గ్రాములుగా స్థిరపరిచారు.

గింజ ఎండుతుంది, పురుగు పడుతుంది. రాయి అలా కాదు. నాలుగు వేల ఏళ్లకు పూర్వమే సింధు నాగరికత వర్తకులకు ఈ సంగతి తెలుసు. చెర్టు అనే గట్టి రాతిని చిన్న చిన్న ఘనాలుగా చెక్కి, నున్నగా అరగదీసి తూకపు రాళ్లు చేసుకున్నారు. అవి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు చొప్పున రెట్టింపవుతూ పోతాయి. ఎక్కువగా దొరికినది 13.7 గ్రాముల దగ్గరుండే రాయి. హరప్పాలో, మొహెంజొదారోలో, గుజరాత్‌లోని లోథల్, ధోలావీరాల్లో ఇదే కొలత. వందల మైళ్ల దూరాన ఉన్న ఊళ్లు ఒకే రాయికి కట్టుబడ్డాయంటే, ఆ రాయి వెనుక అందరూ ఒప్పుకున్న ఏదో కట్టుబాటు ఉండి ఉండాలి.

ఆ కట్టుబాటును కాగితం మీద పెట్టినట్టు కనిపించేది కౌటిల్యుడి అర్థశాస్త్రం. తూనికలు, కొలతలు చూసుకునే అధికారికి అందులో పౌతవాధ్యక్షుడని పేరు. తూకపు రాళ్లను ఇనుముతో చేయాలి, లేదా మగధ, మేకల ప్రాంతాల రాతితో చేయాలి. నీళ్లలో నానితే బరువు పెరగనిదీ, ఎండకు తరగనిదీ అయివుండాలి. నాలుగు నెలలకోసారి వర్తకులు రాళ్లకు ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని రాయి దొరికితే జరిమానా. ఇవాళ తూనికలు కొలతల శాఖ చేసే పని కూడా ఇదే. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం దుకాణంలోని ఇనుప రాళ్లకు, చేతి త్రాసుకు రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి.

షట్కోణాకారపు ఇనుప కిలో రాయిని తిరగేసి చూస్తే అడుగున చిన్న గుంట, అందులో సీసం కనిపిస్తుంది. పోతపోసిన ఇనుము సరిగ్గా కిలో తూగదు కాబట్టి ఆ లోటును సీసంతో పూడ్చి, దాని మీద ముద్ర కొడతారు. సీసాన్ని గీకేస్తే రాయి తేలికవుతుంది, కానీ ముద్ర చెరిగిపోతుంది. దొంగతనం జరిగితే దాని ఆనవాలు రాయి మీదే మిగలాలన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న తెలివి.

మూడు తాళాల కింద కిలో

తూకం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఐరోపాలో రాజకీయమైంది. ఇంగ్లండులో 1215 నాటి మాగ్నా కార్టా రాజ్యమంతటా ఒకే కొలత, ఒకే తూకం ఉండాలని రాసుకుంది. ఫ్రాన్సులో విప్లవానికి ముందు ప్రజలు రాజుకు రాసి పంపిన ఫిర్యాదుల్లో ప్రభువుల కొలపాత్రల సంగతి పదేపదే వచ్చింది. ధాన్యం పన్ను కొలిచే పాత్ర ప్రభువు ఇంట్లో ఉంటే అది పెరుగుతూనే ఉంటుంది మరి! 1795లో విప్లవ ప్రభుత్వం గ్రాము, మీటరు తెచ్చింది. ఏ ప్రభువుకూ చెందకుండా అందరికీ చెందాలని మీటరుకు భూమి చుట్టుకొలతను, గ్రాముకు నీటి బరువును ఆధారం చేసుకుంది.

1875 మే 20న పారిస్‌లో పదిహేడు దేశాలు మీటరు ఒప్పందం మీద సంతకం చేశాయి. 1889లో ప్లాటినం, ఇరిడియం కలిపి పోసిన చిన్న స్తూపాన్ని ప్రపంచానికంతటికీ కిలోగా ప్రకటించారు. పారిస్ దగ్గర సెవ్ర్‌లో మూడు తాళాలున్న నేలమాళిగలో, గాజు గంటల కింద దాన్ని దాచారు. దాని నకళ్లు దేశదేశాలకూ వెళ్లాయి. మన దేశానికి వచ్చినది 57వ నంబరు నకలు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో ఉంది. ఆదోనిలో పత్తి తూచే కాంటా సరైనదో కాదో చెప్పే రాయి, దాన్ని సరిచూసిన ఇంకో రాయి, దానిని సరిచూసిన మరో రాయి... ఇలా వెనక్కి వెళితే ఆ గొలుసు చివర ఆ 57వ నంబరు, దాని వెనుక సెవ్ర్ స్తూపం ఉండేవి.

చిక్కు ఆ స్తూపంతోనే వచ్చింది. కొన్ని దశాబ్దాలకోసారి నకళ్లను తెప్పించి అసలుతో పోల్చి చూస్తే, నూరేళ్లలో 50 మైక్రోగ్రాముల దాకా తేడా తేలింది. అది ఒక వేలిముద్రలోని జిడ్డంత బరువు. నకళ్లు బరువెక్కాయా, అసలుది చిక్కిపోయిందా? చెప్పడానికి దారి లేదు. ఎందుకంటే నిర్వచనం ప్రకారం ఆ స్తూపం ఎంత తూగితే అదే కిలో.

దీనికి మందు త్రాసులోనే దొరికింది. 1975లో బ్రిటన్ శాస్త్రవేత్త బ్రయన్ కిబుల్ ఒక ఉపాయం చెప్పాడు. ఒక పళ్లెంలో వస్తువు, దాన్ని నిలబెట్టడానికి రెండో వైపు రాయికి బదులు తీగచుట్టలో పారే విద్యుత్తు పుట్టించే బలం. ఆ విద్యుత్తును కొలిచే పద్ధతి చివరికి ప్లాంక్ స్థిరాంకం దగ్గర ఆగుతుంది. అది ప్రకృతిలో మారని అంకె. 2018 నవంబరు 16న వెర్సాయ్‌లో సమావేశమైన దేశాలు ఆ స్థిరాంకాన్ని 6.62607015 × 10⁻³⁴ జూల్ సెకన్లుగా ఖాయపరిచాయి. 2019 మే 20 నుంచి కిలోకు అదే పునాది. సెవ్ర్‌లోని స్తూపం ఇప్పుడు ఒక చారిత్రక వస్తువు. అది పోయినా, విరిగినా కిలోకు ఏమీ కాదు.

కిలో మన బజారుకు వచ్చింది

మన దేశంలో మొదట మారింది నాణెం. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. మరుసటి ఏడాది అక్టోబరు నుంచి కిలో రాళ్లు దుకాణాల్లోకి వచ్చాయి. కొంతకాలం పాత రాళ్లు, కొత్త రాళ్లు పక్కపక్కనే నడిచాయి. 1962 ఏప్రిల్ 1 నుంచి తూకంలో కిలోలే చెల్లుతాయని ప్రభుత్వం తేల్చింది. ఇంత పెద్ద దేశం, అందులో చదువురానివారే ఎక్కువ, అయినా నాలుగేళ్లలో శేరును వదిలి కిలోకు అలవాటు పడింది.

పాత తూకాలు అంత తేలిగ్గా మాయం కావు. బంగారం కొట్లో తులం మాట నేటికీ బతికే ఉంది, బరువే తగ్గింది. అసలు తులం పాత వెండి రూపాయి ఎత్తు, 11.66 గ్రాములు. ఇప్పుడు తులమంటే 10 గ్రాములు. పెళ్లిలో పది తులాలు పెట్టామని అమ్మమ్మ, మనవరాలు ఇద్దరూ చెప్పుకున్నా మనవరాలి బంగారం 16 గ్రాములకు పైగా తక్కువ. పత్తి వ్యాపారంలో దూది ధర క్యాండీ లెక్కన పలుకుతుంది. ఒక క్యాండీ 784 పౌన్లు, అంటే 355.6 కిలోలు. ఆంగ్లేయులు పోయారు, పౌను పోయింది, ఆ వింత అంకె మాత్రం బేళ్ల వెంటే ఉంది. గుంటూరు మిర్చి యార్డులో సరుకు టిక్కీలనే గోనె సంచుల్లో వస్తుంది. గోదావరి జిల్లాల్లో ఎకరానికి ఎంత పండిందంటే క్వింటాళ్లలో కాదు, బస్తాల్లో చెబుతారు. అక్కడ బస్తా అంటే 75 కిలోలు.

ఆ 1956లోనే తూకంతో సంబంధమున్న ఇంకో సంస్థ విశాఖపట్నం కేంద్రంగా పుట్టింది. అది గిరిజన సహకార సంస్థ. మన్యం సంతల్లో చింతపండు, తేనె, అడ్డాకులు తెచ్చిన గిరిజనుల దగ్గర షావుకార్లు తమ కాంటా మీద తూచుకుని, తమ లెక్క చెప్పి, బదులుగా ఉప్పు, గుడ్డ ఇచ్చి పంపేవారు. త్రాసు, రాయి, లెక్క, ధర నాలుగూ ఒకరి చేతిలోనే. ఆ పట్టు విడిపించడానికి సరుకును ప్రభుత్వమే తూచి కొనాలన్నది ఆ సంస్థ ఉద్దేశం. కిలో చట్టం రాతిని మార్చింది. ఈ సంస్థ ఆ రాతిని పట్టుకునే చేతిని మార్చాలని చూసింది.

ముల్లు ఎందుకు మొగ్గుతుంది?

రెండు పళ్లేల త్రాసు నిజానికి బరువును కొలవదు, పోలుస్తుంది. ఒక వైపు రాయి, ఒక వైపు సరుకు. భూమి రెంటినీ ఒకేలా లాగుతుంది కాబట్టి ఆ త్రాసు చార్మినార్ దగ్గరా, చంద్రుడి మీదా ఒకే మాట చెబుతుంది. దాని కీలకమంతా దండె రెండు చేతులూ సమానంగా ఉండడంలోనే ఉంది. ఒక చేయి కాస్త పొడవైతే అటువైపు తక్కువ సరుకే ఎక్కువ తూగుతుంది. పళ్లేల్లో స్వల్పంగా తేడా ఉంటే తేలిక వైపు చిన్న రాయో తాడో కట్టి సరిచేస్తారు. దాన్ని పాసంగం అంటారు. ఏ వైపు, ఎంత కట్టారన్నది కొనేవాడు గమనించకపోతే ఆ పాసంగమే మోసానికి దారి.

దండె త్రాసు నిజాయితీని పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సరుకు, రాయి పళ్లేలు మార్చి మళ్లీ తూయమంటే చాలు. చేతుల పొడవు తేడా ఉంటే ముల్లు వెంటనే మొగ్గుతుంది.

ఎలక్ట్రానిక్ కాంటా తీరు వేరు. దాని అడుగున లోహపు ముక్క ఉంటుంది, దానికి సన్నని తీగల పట్టీ అతికించి ఉంటుంది. బరువు పడితే లోహం కంటికి కనిపించనంత వంగుతుంది. తీగ సాగుతుంది, దానిలో విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం మారుతుంది. ఆ మార్పును గ్రాముల్లోకి మార్చి తెర మీద చూపుతుంది. ఈ పట్టీని అమెరికాలో 1938లో ఎడ్వర్డ్ సిమ్మన్స్, ఆర్థర్ రూజ్ ఎవరి దారిన వారు కనిపెట్టారు. కూరగాయల బండి మీది కాంటా నుంచి లారీని ఎక్కించుకునే వేబ్రిడ్జి దాకా ఇదే సూత్రం.

ఇది పోల్చదు, భూమి లాగే బలాన్నే కొలుస్తుంది. ఆ బలం అన్నిచోట్లా ఒకటి కాదు. ఢిల్లీ కన్నా హైదరాబాదు భూమధ్యరేఖకు దగ్గర, పైగా ఎత్తున ఉంది. అక్కడ సరిచేసిన కాంటాను ఇక్కడికి తెచ్చి మళ్లీ సరిచేయకుండా వాడితే, కిలో రాయికి దాదాపు 0.8 గ్రాములు తక్కువ చూపుతుంది. ఉల్లిపాయలకు అది లెక్కలోకి రాదు. అర కిలో బంగారు నగల దగ్గర అదే లోపం 0.4 గ్రాములవుతుంది. అందుకే కాంటాను వాడే చోటనే సరిచేయాలి, బంగారానికి మరింత సున్నితమైన తరగతి త్రాసు వాడాలి.

పాత మోసం చేతిలో ఉండేది. పళ్లెం కింద అయస్కాంతం, గుల్ల చేసిన రాయి, సరుకును విసురుగా వేసి ముల్లు ఊగుతుండగానే తీసేయడం. కొత్త మోసం కాంటా లోపలి చిప్‌లోకి చేరింది. పత్తి సీజన్లో ఊళ్లలోకి వచ్చి కల్లాల దగ్గరే కొనే దళారుల కాంటాలు రిమోటుతో ఆడుతూ పట్టుబడిన వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం. జేబులోని మీట నొక్కితే బస్తాకు కొన్ని కిలోలు మాయం. దండె త్రాసును పట్టుకోవడానికి పళ్లేలు మారిస్తే చాలునన్నాం. దీనికి చేయగలిగినదల్లా బరువు తెలిసిన రాయినో, మనిషినో ఎక్కించి చూడడమే. చాలా ఊళ్లలో రైతులు ఇప్పుడు ఆ పని చేస్తున్నారు. ముందు తాము కాంటా ఎక్కి, తర్వాతే బస్తా ఎక్కిస్తున్నారు.

బెల్లమే బంగారం

ఎక్కువ తూగితే ఇచ్చేవాడు సంతోషపడే త్రాసు ఒకటుంది. తిరుమలలో బిడ్డను ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, రెండో పళ్లెంలో బెల్లమో, పటికబెల్లమో, చిల్లర నాణేలో పోసే తులాభారం మొక్కు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో అమ్మవార్లకు నిలువెత్తు బంగారం సమర్పిస్తారు. అక్కడ బెల్లానికే బంగారమని పేరు. జాతర దగ్గరపడితే తెలంగాణ పట్నాల్లో బెల్లం కొట్ల ముందు పెద్ద కాంటాలు వెలుస్తాయి. మొక్కున్న మనిషి ఒక పక్క, బెల్లం ముద్దలు ఒక పక్క.

రాజులకు ఇది వైభవ ప్రదర్శన. హంపిలో విఠలాలయం దగ్గర రెండు రాతి స్తంభాల మీద అడ్డంగా నిలిపిన దూలం ఇప్పటికీ ఉంది. రాజుల తులాభారం కోసమని చెబుతారు. కొండవీడు గెలిచాక శ్రీకృష్ణదేవరాయలు అమరావతిలో తులాపురుష దానం చేశాడు. మొగలు చక్రవర్తి జహంగీరు పుట్టినరోజున తనను తాను బంగారంతో, వెండితో తూపించుకోవడాన్ని ఆంగ్ల రాయబారి థామస్ రో 1617లో చూసి రాసి పెట్టాడు.

తెలుగు రంగస్థలం ఈ త్రాసును వేరే సంగతి చెప్పడానికి వాడుకుంది. ముత్తరాజు సుబ్బారావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ నగలన్నీ పోసినా పళ్లెం లేవదు. రుక్మిణి వేసిన తులసిదళానికి లేస్తుంది. స్థానం నరసింహారావు సత్యభామ వేషం కట్టి ఆ నాటకాన్ని ఊరూరా ఆడాడు. 1966లో అది సినిమాగా వచ్చినప్పుడు కృష్ణుడిగా ఎన్‌టీఆర్, సత్యభామగా జమున, రుక్మిణిగా అంజలీదేవి కనిపించారు. ధనవంతురాలి త్రాసులో ఓడిపోయేది ధనమేనన్న ముచ్చట జనానికి అంతగా ఎందుకు పట్టిందో యార్డులో నిలబడ్డ రైతునడిగితే చెబుతాడు.

కొసరు ఒకరికి, తరుగు ఒకరికి

కూరగాయల దగ్గర తూకం అయ్యాక కొనేవాడి చేయి ఇంకా సంచి తెరిచే ఉంటుంది. అమ్మే ఆవిడ రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ వేసి, ‘చాలా అమ్మా?’ అంటుంది. అది కొసరు. లెక్కలో లేదు, ధరలో లేదు, అయినా అడిగే హక్కుందని కొనేవాడు నమ్ముతాడు. ఎలక్ట్రానిక్ కాంటా వచ్చాక కూడా ఈ అలవాటు పోలేదు. పక్క బండికి పోగలిగే స్వేచ్ఛ కొనేవాడికి ఉంది, సాయంత్రానికి వాడిపోయే సరుకు అమ్మేవారి దగ్గర ఉంది. అందుకే కొసరు అటునుంచి ఇటు వస్తుంది.

ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఈ దిశ తలకిందులవుతుంది. అక్కడ సరుకు అమ్మేవాడు రైతు, కొసరు ఇవ్వాల్సిందీ అతనే. ఆ కొసరుకు పేరు తరుగు. సంచి బరువు అంటారు, తేమ అంటారు, తాలు అంటారు, మట్టి అంటారు. మార్కెట్ యార్డులో దడువాయి తూచి చెప్పిన అంకెకూ, రైతు ఖాతాలో పడిన డబ్బుకూ మధ్య ఈ మాటలన్నీ ఉంటాయి.

తరుగంతా అన్యాయమని కాదు. ప్రభుత్వం మద్దతు ధరకు కొనే ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. చెత్తాచెదారం ఒక శాతం, మట్టీ రాళ్లూ ఒక శాతం, పక్వం కాని గింజ మూడు శాతం వరకు ఒప్పుకుంటారు. 20 శాతం తేమ ఉన్న క్వింటాలు ధాన్యాన్ని తీసుకోండి. అందులో నీరు 20 కిలోలు, అసలు సరుకు 80 కిలోలు. అది 17 శాతానికి ఆరితే, 80ని 0.83తో భాగించగా 96.4 కిలోలు మిగులుతుంది. కాబట్టి ఆ క్వింటాలుకు 3.6 కిలోల కోత లెక్క ప్రకారం సబబే. 17 శాతంలోపు ఆరబెట్టి తెచ్చిన ధాన్యానికి అదే కోత వేస్తే అది దోపిడీ.

దాని విలువ ఎంత? 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. వంద క్వింటాళ్లు తెచ్చిన రైతు దగ్గర క్వింటాలుకు మూడు కిలోలు కోస్తే మూడు క్వింటాళ్లు పోయినట్టు. అంటే రూ.7,107. అంత డబ్బు కాంటా లోపం వల్ల పోవాలంటే ఆ కాంటా మూడు శాతం తప్పు చూపాలి. అలాంటి కాంటాకు ఎవరూ ముద్ర వేయరు. ముద్ర పడిన కాంటా పక్కనే, తూకం సరిగ్గా జరిగాకే, ఆ మూడు శాతం మాయమవుతుంది.

అదెలా సాధ్యం? కేంద్రంలో తూకమయ్యాక లారీ మిల్లుకు వెళుతుంది. అక్కడి వేబ్రిడ్జి మీద రెండో తూకం. తాలు ఎక్కువుందని ఫోను వస్తుంది. ఇన్ని కిలోలు తగ్గించుకోవడానికి ఒప్పుకుంటే దించుకుంటామని మాట. ఒప్పుకోకపోతే లారీ అక్కడే. లారీ తిరిగిరాకపోతే కేంద్రంలో మిగతా బస్తాలు కదలవు. మబ్బు పట్టిన ఆకాశం కింద కుప్ప పోసిన వడ్లున్న రైతుకు బేరమాడే ఓపిక ఎంతసేపుంటుంది? తరుగు తీయొద్దని ప్రభుత్వాలు ఆదేశాలిస్తూనే ఉన్నాయి. తరుగు తీస్తున్నారని రైతులు రోడ్డు మీద వడ్లు పోసి ధర్నాలు చేస్తూనే ఉన్నారు.

పత్తిలో ఈ కోతకు కాస్త స్పష్టమైన లెక్క ఉంది. భారత పత్తి సంస్థ 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన 12 శాతం దాకా ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం తగ్గిస్తుంది. 12 దాటితే కొనదు. రైతు ఆ కోతను ఇష్టపడకపోవచ్చు గానీ ఎంత కోశారో, ఎందుకు కోశారో తనే లెక్కకట్టుకోగలడు. 12 దాటి వెనక్కి పంపిన పత్తి ఎటు పోతుందన్నది వేరే కథ. అది బయట నిలబడ్డ ప్రైవేటు వ్యాపారి కాంటా మీదికే పోతుంది.

చెరకుకు మరో చిక్కు. కొట్టిన గడ గంటగంటకూ ఎండి తేలికవుతుంది. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో రాత్రంతా నిలబడితే పోయే బరువు రైతుదే. కాంటాను ఎవరూ ముట్టుకోకుండానే తూకం తగ్గుతుంది. ఇక్కడ బరువును తినేది నిరీక్షణ.

కాంటా ముందు నిలబడినప్పుడు

— సరుకు వేయకముందే తెర మీద సున్నా ఉందో లేదో చూడండి. ముద్ర, తనిఖీ తేదీ కనిపించకపోతే అడగండి. చూపించడం దుకాణదారుడి బాధ్యత.

— మిఠాయిని అట్టపెట్టెతో కలిపి తూస్తే పెట్టె కూడా మిఠాయి ధరే పలుకుతుంది. ఖాళీ పెట్టె పెట్టి సున్నా చేశాకే తూయమనండి.

— గ్యాసు సిలిండరులో ఉండాల్సింది 14.2 కిలోలు. ఖాళీ సిలిండరు బరువు దాని మెడ దగ్గర రాసి ఉంటుంది. రెండూ కలిపితే వచ్చే అంకె కాంటా మీద కనిపించాలి. తూచి చూపమని డెలివరీ చేసే వ్యక్తిని అడిగే హక్కు మీకుంది.

— ప్యాకెట్ మీద ధర ఒక్కటే చూడకండి. ధర పెంచకుండా లోపలి సరుకు తగ్గించడం కంపెనీలకు అలవాటే. నికర బరువును, గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో పోల్చుకోండి.

— ఫిర్యాదుకు జిల్లా తూనికలు కొలతల శాఖ కార్యాలయం, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

చీటీలో ఏముండాలి?

నాలుగు వేల ఏళ్లుగా మనిషి వెతికింది ఎవరూ తారుమారు చేయలేని రాయి కోసం. గింజను వదిలి రాతికి, రాతి నుంచి ఇనుముకు, ఇనుము నుంచి ప్లాటినానికి, అక్కడి నుంచి ప్రకృతి స్థిరాంకానికి చేరాడు. ఆ వెతుకులాట 2019లో ముగిసింది. ఇక కిలో విషయంలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. అనుమానం ఉన్నది కిలోకు ముందు చేసే పరీక్ష మీద, తర్వాత వేసే కోత మీద.

కాంటాకు ముద్ర ఉన్నట్టే తేమ కొలిచే మీటరు కూడా సరిచూసిందై ఉండాలి, ఆ సంగతి రైతుకు కనిపించాలి. తాలు, మట్టి చేతిలోకి తీసుకుని కంటితో తేల్చకుండా జల్లెడ పట్టి తూచి చెప్పాలి. కేంద్రంలో ఒప్పుకుని తీసుకున్న సరుకుకు మిల్లు దగ్గర రెండోసారి కోత పడితే, ఆ తేడాను కొన్న సంస్థ భరించాలి. అమ్మకం కేంద్రంలోనే అయిపోయింది కాబట్టి లారీ ఎక్కిన వడ్లు రైతువి కావు.

వీటన్నిటికన్నా ముందు, తేలికగా చేయగలిగింది తూకం చీటీని మార్చడం. మొత్తం బరువు, గోనె బరువు, తేమ శాతం, దానికి వేసిన కోత, తాలుకు వేసిన కోత, చివరికి డబ్బు లెక్కకట్టిన బరువు, ఇవన్నీ విడివిడిగా అచ్చై రైతు చేతికి కేంద్రంలోనే రావాలి. ఇప్పుడు నోటిమాటగా నడిచే తరుగు అప్పుడు సంతకం ఉన్న కాగితం మీదికి ఎక్కుతుంది. మూడు కిలోలు ఎందుకు కోశారో రాయాల్సి వచ్చినవాడు ఊరికే మూడు కిలోలు కోయడానికి వెనకాడతాడు. రాసి కోస్తే ఆ కాగితం పట్టుకుని రైతు కలెక్టరు దగ్గరికో, కోర్టుకో వెళ్లగలుగుతాడు. వచ్చే సీజన్లో కాంటాల తనిఖీకి బయల్దేరే అధికారులు రాళ్లతో పాటు ఈ చీటీలనూ తనిఖీ చేయాలి.